ఆండీ రూయిజ్ - ఆంథోనీ జాషువా రెండవ పోటీ

ఆండీ రూయిజ్ - ఆంథోనీ జాషువా రెండవ పోటీ 2019 డిసెంబరు 7న సౌదీ అరేబియా రాజధాని రియాద్‌కు ఆనుకొని ఉన్న దిరియా పట్టణంలో జరిగిన ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్‌షిప్ పోటీ. అదే సంవత్సరం జూన్ 1న న్యూయార్క్‌లో జాషువాను ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన రూయిజ్, ఆరు నెలలు గడవగానే ఆ టైటిళ్ళన్నింటినీ తిరిగి జాషువాకే కోల్పోయాడు. పన్నెండు రౌండ్లపాటు సాగిన ఈ పోటీలో ఒక్కసారైనా ఎవరూ నేలకూలలేదు. తొలి పోటీ వంటి హోరాహోరీ పోరును ఆశించిన ప్రేక్షకులకు ఇది నిరాశ కలిగించింది. తొలి పోటీనాటికంటె రూయిజ్ సుమారు 15 పౌండ్ల (దాదాపు 7 కిలోలు) అధిక బరువుతో బరిలోకి దిగడం ఈ పోటీకి సంబంధించి అత్యధికంగా చర్చించబడిన అంశం. బాక్సింగ్‌లో శరీర బరువుకు, దేహదారుఢ్యానికి మధ్య గల తేడాను అర్థం చేసుకోవడానికి ఈ పోటీని తరచుగా ఉదాహరణగా చెబుతారు.

హెవీవెయిట్ తరగతి - బరువు నియమం

వృత్తి బాక్సింగ్‌లో ఆటగాళ్ళను శరీర బరువును బట్టి తరగతులుగా విభజిస్తారు. ప్రతి తరగతికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. పోటీకి ముందు జరిగే అధికారిక తూకంలో ఆ పరిమితిని దాటిన ఛాంపియన్ తన టైటిల్‌ను తూకపు యంత్రం వద్దనే పోగొట్టుకుంటాడు. అతడు జరిమానా కూడా చెల్లించవలసి రావచ్చు. అందువలన చిన్న తరగతుల ఆటగాళ్ళు పోటీకి కొన్ని వారాల ముందునుండి ఆహారాన్ని, నీటిని కూడా కొలుచుకొని తీసుకుంటారు.

హెవీవెయిట్ తరగతికి ఇటువంటి గరిష్ఠ పరిమితి లేదు. 200 పౌండ్లకు (90.7 కిలోలు) పైబడిన వారెవరైనా, ఎంత బరువు ఉన్నా ఇందులో పాల్గొనవచ్చు. కాబట్టి ఈ తరగతిలో తూకం కేవలం లాంఛనప్రాయమైనది. దాని ఫలితంగా ఏ ఆటగాడూ అనర్హుడు కాడు. అయినప్పటికీ హెవీవెయిట్ తూకాన్ని పాత్రికేయులు, శిక్షకులు, పందెం కాసేవారు ఎంతో శ్రద్ధగా గమనిస్తారు. గడచిన కొన్ని నెలలలో ఆటగాడు ఏ విధంగా సాధన చేశాడో తెలిపే ఆధారాలలో అది ఒకటి కావడమే ఇందుకు కారణం. చిన్న తరగతులలో ఆటగాడి చేత బలవంతంగా క్రమశిక్షణను పాటింపజేసే నియమం ఇక్కడ లేదు. హెవీవెయిట్ ఆటగాడు తనకు తానే నియమం విధించుకోవాలి.

ఆటగాళ్ళు

ఆంథోనీ జాషువా 1989 అక్టోబరు 15న ఇంగ్లండులోని వాట్‌ఫర్డ్‌లో జన్మించాడు. 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో సూపర్ హెవీవెయిట్ విభాగంలో స్వర్ణ పతకం సాధించాడు. 2016లో చార్లెస్ మార్టిన్‌పై గెలిచి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2017 ఏప్రిల్‌లో లండన్ వెంబ్లీ స్టేడియంలో వ్లాదిమిర్ క్లిచ్‌కోను ఓడించాడు. ఎత్తు 6 అడుగుల 6 అంగుళాలు. కండలు తిరిగిన దేహంతో శిల్పంలా కనిపించే ఆటగాడిగా అతడికి పేరు.

ఆండీ రూయిజ్ జూనియర్ 1989 సెప్టెంబరు 11న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఇంపీరియల్ పట్టణంలో మెక్సికో మూలాలు గల కుటుంబంలో జన్మించాడు. ఔత్సాహిక బాక్సింగ్‌లో మెక్సికో తరఫున ఆడాడు. 2009లో వృత్తి బాక్సింగ్‌లో ప్రవేశించాడు. ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు. బాల్యం నుండి బొద్దుగా ఉండే దేహం అతడిది. పొట్ట కనిపించే ఆ ఆకారాన్ని చూసి ప్రత్యర్థులు, ప్రేక్షకులు అతడిని తక్కువ అంచనా వేసేవారు. అయితే అతడి చేతుల వేగం ఆ బరువుగల ఆటగాళ్ళలో అరుదైనది. వెంటవెంటనే నాలుగైదు గుద్దులు విసరడం అతడి ప్రధాన ఆయుధం. 2016 డిసెంబరులో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో జోసెఫ్ పార్కర్‌తో జరిగిన ప్రపంచ టైటిల్ పోటీలో స్వల్ప తేడాతో ఓడిపోయాడు. 2019 జూన్ వరకు అతడికి అదొక్కటే ఓటమి.

తొలి పోటీ

2019 జూన్ 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జాషువా మొదటిసారిగా అమెరికా గడ్డపై ఆడవలసి ఉండగా, ముందుగా నిర్ణయించిన ప్రత్యర్థి జారెల్ మిల్లర్ నిషిద్ధ ఉత్ప్రేరకాల పరీక్షలలో దొరికిపోయాడు. అతడి స్థానంలో రూయిజ్‌ను ఎంపిక చేశారు. రూయిజ్‌కు లభించిన వ్యవధి సుమారు ఐదు వారాలు మాత్రమే. అయితే అతడు ఏప్రిల్ 20న అలెగ్జాండర్ దిమిత్రెంకోతో ఆడి గెలిచి ఉన్నాడు. అంటే ఒక పోటీకి చేసిన సాధన సడలకముందే మరొక పోటీకి సాధన మొదలుపెట్టాడు. వ్యవధి తక్కువైనా దేహం పోటీకి సిద్ధంగానే ఉన్నది.

మూడవ రౌండులో జాషువా ముందుగా రూయిజ్‌ను పడగొట్టాడు. వెంటనే లేచిన రూయిజ్ కొద్ది క్షణాలలోనే జాషువా కణతపై ఎడమచేతి హుక్‌తో కొట్టి, అదే రౌండులో అతడిని రెండుసార్లు నేలకూల్చాడు. ఏడవ రౌండులో మరి రెండుసార్లు పడగొట్టడంతో రిఫరీ పోటీని నిలిపివేశాడు. డబ్ల్యూ.బి.ఏ., ఐ.బి.ఎఫ్., డబ్ల్యూ.బి.ఓ., ఐ.బి.ఓ. టైటిళ్ళు రూయిజ్ వశమయ్యాయి. మెక్సికో మూలాలు గల ఆటగాడు ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ కావడం అదే ప్రథమం. ఈ పోటీలో రూయిజ్ బరువు 268 పౌండ్లు (121.6 కిలోలు). బొద్దుగా ఉన్నంతమాత్రాన ఆటగాడు అసమర్థుడు కాడని ఈ విజయం నిరూపించింది. రెండవ పోటీకి ముందు బరువు గురించిన ప్రశ్నలను చాలామంది తేలికగా తీసుకోవడానికి కూడా ఈ విజయమే కారణమయింది.

రెండు పోటీల మధ్య కాలం

తొలి పోటీ ఒప్పందంలో మరల తలపడే నిబంధన ఉన్నది. జాషువా దానిని వినియోగించుకున్నాడు. పోటీ వేదికగా దిరియాను నిర్ణయించగా రూయిజ్ మొదట విముఖత చూపాడు, తరువాత అంగీకరించాడు. సౌదీ అరేబియాలో పోటీ నిర్వహించడాన్ని మానవ హక్కుల సంఘాలు విమర్శించాయి.

ఈ ఆరు నెలల కాలంలో ఇద్దరు ఆటగాళ్ళ మార్గాలు భిన్నంగా సాగాయి. రూయిజ్ ఒక్క రాత్రిలో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. మెక్సికో అధ్యక్షుడు అతడిని ఆహ్వానించి అభినందించాడు. టెలివిజన్ కార్యక్రమాలు, సన్మానాలు, విందులు వరుసగా వచ్చాయి. అంతకుముందు ఎన్నడూ చూడనంత ధనం చేతికి వచ్చింది. సాధన ఆలస్యంగా మొదలయింది. అతడిని వ్యాయామశాలకు రప్పించడమే కష్టమయిందని శిక్షకుడు మానీ రోబ్లెస్ పోటీ అనంతరం వెల్లడించాడు.

జాషువా తన పాత శిక్షకుడు రాబ్ మెక్‌క్రాకెన్‌ను కొనసాగిస్తూనే మరికొందరు శిక్షకులను చేర్చుకున్నాడు. భారీ బరువులు ఎత్తి కండలు పెంచే పద్ధతిని తగ్గించి పాదాల కదలికపై, ఎడమచేతి జాబ్‌పై, పన్నెండు రౌండ్లు అలసిపోకుండా నిలవడంపై దృష్టి పెట్టాడు. రూయిజ్ గుద్దులు అందే దూరంలో నిలబడి కొట్లాడడమే తొలి ఓటమికి కారణమని అతడి బృందం గ్రహించింది. బరువు తగ్గించుకోవడం ఆ కొత్త వ్యూహంలో ఒక భాగం.

తూకం

డిసెంబరు 6న జరిగిన తూకంలో వెల్లడైన అంకెలు ప్రేక్షకులను విస్మయపరిచాయి. అంతకుముందు బయటకు వచ్చిన ఛాయాచిత్రాలలో రూయిజ్ సన్నబడినట్లు కనిపించడంతో అతడు తొలి పోటీకంటె తేలికగా వస్తాడని పలువురు భావించారు. రెండు పోటీలలో ఇద్దరి బరువులు ఈ క్రింది విధంగా ఉన్నాయి.

- రూయిజ్: తొలి పోటీలో 268 పౌండ్లు (121.6 కిలోలు), రెండవ పోటీలో సుమారు 283 పౌండ్లు (128.4 కిలోలు)
- జాషువా: తొలి పోటీలో సుమారు 248 పౌండ్లు (112.4 కిలోలు), రెండవ పోటీలో సుమారు 237 పౌండ్లు (107.5 కిలోలు)

ఈ విధంగా ఇద్దరి మధ్య తేడా సుమారు 20 పౌండ్ల నుండి 46 పౌండ్లకు పెరిగింది. రూయిజ్ బట్టలతోనే తూకం ఎక్కాడు కనుక అతడి అసలు బరువు ఇంతకంటె కొంత తక్కువ ఉండవచ్చు. అయినా బట్టల బరువు ఈ తేడాను పూడ్చగలిగినది కాదు. జాషువా ఐదేళ్ళకు పైగా ఇంత తక్కువ బరువుతో ఆడలేదు.

పోటీ జరిగిన తీరు

పోటీ కోసం దిరియాలో తాత్కాలికంగా ఒక స్టేడియం నిర్మించారు. తొలి రౌండులోనే జాషువా కుడిచేతి గుద్దుకు రూయిజ్ ఎడమ కంటిపై గాయమయింది. రెండవ రౌండులో జాషువా కంటి వద్ద కూడా చర్మం చిట్లింది. ఆ తరువాత పోటీ ఒకే సరళిలో సాగింది. జాషువా బరి అంచుల వెంట గుండ్రంగా తిరుగుతూ, జాబ్‌తో ప్రత్యర్థిని దూరంగా ఉంచుతూ, ఒకటి రెండు గుద్దులు విసిరి వెంటనే తప్పుకొనేవాడు. రూయిజ్ వెంటపడేవాడు గాని అందుకొనేలోపు జాషువా అక్కడ ఉండేవాడు కాదు. దగ్గరకు రాగలిగినప్పుడు జాషువా అతడిని చేతులతో పట్టివేసి గుద్దులకు అవకాశం లేకుండా చేశాడు.

నాలుగవ, ఎనిమిదవ రౌండ్లలో రూయిజ్ కొన్ని బలమైన గుద్దులు కొట్టగలిగాడు. ఆ క్షణాలలో తొలి పోటీనాటి ప్రమాదం మళ్ళీ కనిపించింది. అయితే తొలి పోటీలో వలె ఒక గుద్దు తగలగానే వెంటనే మరి నాలుగు జోడించడం ఈసారి అతడికి సాధ్యపడలేదు. చివరి రౌండులో నిలబడి కొట్లాడమని జాషువాను చేతులతో సైగ చేసి పిలిచినా, అతడు ఆ ఉచ్చులో పడలేదు.

గుద్దుల లెక్క ప్రకారం జాషువా 365 గుద్దులు విసరగా 107 తగిలాయి. రూయిజ్ 301 విసరగా 60 తగిలాయి. అంటే రూయిజ్ రౌండుకు సగటున 25 గుద్దులు విసిరి 5 మాత్రమే తగిలించగలిగాడు. న్యాయనిర్ణేతలు ముగ్గురూ జాషువానే విజేతగా ప్రకటించారు. ఇద్దరు 118-110గా, ఒకరు 119-109గా మార్కులు వేశారు.

బరువు ప్రభావం

రూయిజ్ ఓటమికి అధిక బరువే కారణమని చెప్పడం పరిపాటి. స్వయంగా అతడే పోటీ ముగిసిన వెంటనే తాను మూడు నెలలపాటు విందువినోదాలలో గడిపానని, బరువు పెరిగిందని, ఇంకా కష్టపడి సాధన చేయవలసిందని అంగీకరించాడు. జాషువా విజయాన్ని తక్కువ చేయకుండా, సాకులు చెప్పకుండా ఆ మాటలు అనడం గమనించదగినది. అయితే తూకంలోని అంకెకు, ఓటమికి మధ్య సంబంధం కనిపించినంత సూటియైనది కాదు. అతడి జీవితంలోని అంకెలే ఇందుకు సాక్ష్యం. 2016లో పార్కర్‌పై ఓడినప్పుడు రూయిజ్ బరువు సుమారు 255 పౌండ్లు. 2019లో జాషువాపై గెలిచినప్పుడు 268 పౌండ్లు. అంటే తేలికగా ఉన్నప్పుడు ఓడి, బరువుగా ఉన్నప్పుడు గెలిచాడు. కాబట్టి బరువు తగ్గితే గెలుపు, పెరిగితే ఓటమి అనే సూత్రం అతడికి వర్తించదు.

తూకపు యంత్రం మొత్తం బరువును మాత్రమే చూపుతుంది. అందులో కండ ఎంత, కొవ్వు ఎంత, నీరు ఎంత అన్నది చెప్పదు. గుండె, ఊపిరితిత్తులు ఎంత పనిని తట్టుకోగలవన్నది అసలే చెప్పదు. సాధన లేకుండా పెరిగిన బరువు ఆటగాడిపై మూడు విధాలుగా ప్రభావం చూపుతుంది.

- పాదాల కదలిక: ప్రతి అడుగుకు శరీరం మొత్తాన్ని కదిలించాలి. ఆగి, దిశ మార్చి, మరల వేగం అందుకోవడంలో అదనపు బరువు కాళ్ళపై భారమవుతుంది. ఒకే దిశలో నడిచేవానికంటె ప్రత్యర్థికి అడ్డుపడి దారి మూసేవానికి ఈ భారం ఎక్కువ.
- దమ్ము: పెద్ద దేహాన్ని కదిలించడానికి ఎక్కువ ప్రాణవాయువు అవసరం. రౌండుకు మూడు నిమిషాల చొప్పున పన్నెండు రౌండ్లకు 36 నిమిషాల ఆట ఉంటుంది. రౌండ్ల మధ్య ఒక్క నిమిషం విశ్రాంతిలో ఊపిరి కుదుటపడాలి.
- వేడి: కసరత్తులో పుట్టిన వేడిని శరీరం చర్మం ద్వారా వదిలించుకుంటుంది. చర్మం క్రింది కొవ్వు ఈ పనికి ఆటంకం. శరీరం వేడెక్కినకొద్దీ అలసట త్వరగా వస్తుంది.

ప్రత్యర్థి ఎదురుగా నిలబడి కొట్లాడితే ఈ లోపాలు అంతగా బయటపడవు. తొలి పోటీలో జాషువా అలాగే నిలబడ్డాడు, పోటీ ఏడవ రౌండులోనే ముగిసింది. రెండవ పోటీలో జాషువా రూయిజ్‌ను నడిపించాడు. రూయిజ్ చేతుల వేగం పూర్తిగా పోలేదని నాలుగవ, ఎనిమిదవ రౌండ్లు చూపాయి. ఆ చేతులను ప్రత్యర్థి దగ్గరకు చేర్చవలసిన కాళ్ళే పని చేయలేదు. జాషువా చేతుల విస్తృతి రూయిజ్ కంటె సుమారు 8 అంగుళాలు ఎక్కువ. ఆ దూరాన్ని ప్రతిసారి దాటడం మంచి దేహదారుఢ్యంతో ఉన్న ఆటగాడికైనా కష్టమే. కాబట్టి జాషువా వ్యూహం, రూయిజ్ సన్నద్ధతాలోపం రెండూ ఒకదానికొకటి తోడై ఫలితాన్ని నిర్ణయించాయని చెప్పవచ్చు. తగిన సాధనతో వచ్చి ఉంటే రూయిజ్ తప్పక గెలిచేవాడని చెప్పడానికి ఆధారం లేదు. తన శక్తిమేరకు ప్రయత్నించే అవకాశం మాత్రం అతడికి దక్కి ఉండేది.

చరిత్రలో ఇటువంటి సందర్భాలు

హెవీవెయిట్ చరిత్రలో గెలుపు తరువాత బరువు పెరిగి టైటిల్ కోల్పోయినవారు ఇంకా ఉన్నారు.

- జేమ్స్ "బస్టర్" డగ్లస్ 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో సుమారు 231 పౌండ్ల బరువుతో మైక్ టైసన్‌ను నాకౌట్ చేశాడు. అదే సంవత్సరం అక్టోబరు 25న 246 పౌండ్లతో వచ్చి ఎవాండర్ హోలీఫీల్డ్ చేతిలో మూడవ రౌండులోనే నాకౌట్ అయ్యాడు. పెరిగిన బరువు రూయిజ్ విషయంలో వలెనే సుమారు 15 పౌండ్లు.
- రిడిక్ బో 1992 నవంబరు 13న 235 పౌండ్లతో హోలీఫీల్డ్‌ను ఓడించాడు. 1993 నవంబరు 6న జరిగిన రెండవ పోటీకి 246 పౌండ్లతో వచ్చి స్వల్ప తేడాతో ఓడిపోయాడు. బో వృత్తి జీవితంలో అదొక్కటే ఓటమి.
- లెనాక్స్ లూయిస్ 2001 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో సుమారు 253 పౌండ్లతో ఆడి హసీమ్ రహ్మాన్ చేతిలో నాకౌట్ అయ్యాడు. నవంబరులో జరిగిన రెండవ పోటీకి సుమారు 246 పౌండ్లకు తగ్గి, నాలుగవ రౌండులో రహ్మాన్‌ను నాకౌట్ చేశాడు. ఓటమి తరువాత బరువు తగ్గించుకొని టైటిల్ తిరిగి పొందడంలో ఇది జాషువా ఉదంతాన్ని పోలి ఉంటుంది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉన్నది. 2018 డిసెంబరులో డియాంటే వైల్డర్‌తో సుమారు 256 పౌండ్లతో ఆడి డ్రా చేసుకున్న టైసన్ ఫ్యూరీ, 2020 ఫిబ్రవరి 22న జరిగిన రెండవ పోటీకి 273 పౌండ్లతో వచ్చాడు. పెరిగినది రూయిజ్ కంటె ఎక్కువే. కాని ఫ్యూరీ ప్రత్యర్థిపైకి వెళ్ళి అణచివేయాలనే వ్యూహంతో, సాధనలో భాగంగా ఆ బరువు పెంచుకున్నాడు. ఏడవ రౌండులో వైల్డర్‌ను ఓడించాడు. రూయిజ్ పోటీ జరిగిన పదకొండు వారాలకే జరిగిన ఈ పోటీ, పౌండ్ల సంఖ్యకంటె అవి ఎలా చేరాయన్నదే ముఖ్యమని చూపింది.

అనంతర పరిణామాలు

ఈ పోటీ తరువాత రూయిజ్, రోబ్లెస్ విడిపోయారు. శిక్షకుడు ఎడీ రెనోసో వద్ద చేరిన రూయిజ్ 2021 మే 1న 256 పౌండ్లకు తగ్గి క్రిస్ అరియోలాతో తలపడ్డాడు. ఆ పోటీలో రెండవ రౌండులో నేలకూలినా తేరుకొని పాయింట్లపై గెలిచాడు. 2022 సెప్టెంబరు 4న 269 పౌండ్లతో లూయిస్ ఓర్టిజ్‌ను మూడుసార్లు పడగొట్టి గెలిచాడు. ఈ బరువు జాషువాపై గెలిచిననాటి బరువుకు దాదాపు సమానం. 2024 ఆగస్టు 3న లాస్ ఏంజెలెస్‌లో జారెల్ మిల్లర్‌తో ఆడిన పోటీ డ్రాగా ముగిసింది. 2019లో మిల్లర్ తప్పుకోవడం వలననే రూయిజ్‌కు జాషువాతో ఆడే అవకాశం లభించింది.

జాషువా తిరిగి పొందిన టైటిళ్ళను 2021 సెప్టెంబరు 25న లండన్‌లో ఒలెక్సాండర్ ఉసిక్‌కు కోల్పోయాడు. 2022 ఆగస్టులో సౌదీ అరేబియాలోని జెద్దాలో జరిగిన రెండవ పోటీలో కూడా ఉసిక్ చేతిలో ఓడిపోయాడు. దిరియాలో ఫలించిన జాబ్, పాదాల కదలిక అనే ఆయుధాలు, తనకంటె తేలికైన, వేగవంతుడైన ప్రత్యర్థిపై అతడికి ఉపకరించలేదు.

రూయిజ్ ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న కాలం ఆరు నెలల ఆరు రోజులు.